పోన్ ఆదివారాలు

క్లాటెన్,
14 జూలై 1991.

హర్జో మరిదికి,

సుమిరా వదిన రాస్తోంది. నా చేతిరాత చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మీ అన్నయ్య ఈపాటికి మీ అంబరావా బస్టాండులో దిగి ఉంటారు. ఈ రోజు పోన్ ఆదివారం కదా. తెల్లారకముందే లేచి, నేను టేకాకులో కట్టిచ్చిన అన్నం పొట్లం సంచిలో పెట్టుకుని, మీ ఊరి పోన్ సంతలో పాత ఇనుప సామాను చూసి వస్తానని బయల్దేరారు. పెళ్లయిన ఈ ముప్పై నాలుగేళ్లూ, మన అయిదు రోజుల వారంలోని పోనూ, ఆదివారమూ కలిసి వచ్చినప్పుడల్లా, అంటే ముప్పై అయిదు రోజులకొకసారి, జరుగుతున్నదే. ఆయన ఇంట్లో లేని రోజు చూసుకుని రాస్తున్నానంటేనే నీకు అర్థం కావాలి, ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియకూడదు.

డిసెంబరు పన్నెండున మీ అన్నయ్యకు తుంబుక్. మన జావా లెక్కలో అరవై నాలుగేళ్లు నిండుతాయి. కొత్త టీవీ కొనిద్దామని పిల్లలు అంటున్నారు. నా ఆలోచన వేరు. ఆయన మొదటి బండి, ఆ దేకావే మోటారు సైకిలు, వెతికి కొని ఇద్దామని ఉంది.

నువ్వు నవ్వుకుంటావని తెలుసు. ఆ బండి అమ్మితేనే పెళ్లి అని పట్టుబట్టింది నేనే. మా వార్ది అన్నయ్య మోటారు సైకిలు మీద వెళ్తూ డెలంగు రోడ్డులో చెరకు లారీ కింద పడి పోయిన రెండేళ్లకు ఈ సంబంధం వచ్చింది. చక్కెర మిల్లు ఫిట్టరు, బుద్ధిమంతుడు, ఒక్క ఇనుప ముక్క కోసం వదులుకుంటావా అని మా అమ్మ ఏడ్చింది. నేను కదల్లేదు. వారం తిరక్కుండా మీ అన్నయ్య బండి ప్రాణ స్నేహితుడివని నీకే అమ్మేసి, నువ్వు సంతకం పెట్టిన రసీదు తెచ్చి మా నాన్న చేతిలో పెట్టారు. ఆ రసీదు ఇప్పటికీ నా బట్టల పెట్టెలో అడుగున ఉంది.

పోయిన నెల మా వీధిలోంచి పాత మోటారు సైకిళ్ల ఊరేగింపు వెళ్లింది. స్నానం చేస్తున్న మనిషి సరోంగ్ చుట్టుకుని, చెప్పులైనా లేకుండా గేటు దాకా పరిగెత్తారు. చివరి బండి మలుపు తిరిగాక కూడా, ఆ నీలం పొగ పోయేదాకా అక్కడే నిలబడ్డారు. లోపలికొచ్చి చల్లారిన కాఫీ అలాగే తాగేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. నేను భయపడినంత కాలం భయపడ్డాను, ఆయనా ముసలాయన అయ్యారు, ఇక ఎంత వేగంగా పోతారు గనక.

బండి ఇంకా నీ దగ్గరే ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా? పెళ్లిళ్లకు వంట చేసి దాచుకున్న డబ్బు నాకంటూ ఉంది. బేరం నువ్వే చెయ్యి. జవాబు మా ఇంటికి కాదు, పక్క వీధి దర్జీ నానిక్ పేరున రాయి.

నీ భార్య గియెంకూ, చెల్లెలు లస్మికీ నా ఆశీస్సులు.

సుమిరా


అంబరావా,
22 జూలై 1991.

సుమిరా వదినగారికి,

హర్జో నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఇక్కడ గియెం, నేను, లస్మి క్షేమం. వానలు లేక సరస్సు బాగా వెనక్కి పోయింది. మా పెద్ద మేక రెండు పిల్లల్ని పెట్టింది, రెండూ ఆడవే. పెన్షన్ ఆఫీసు వాళ్లు నా కాగితాలు మళ్లీ అడిగారు.

దేకావే విషయం. అది నా దగ్గర ఎక్కడుంది వదినగారూ, ఎప్పుడో అరవై రెండులోనే సలతిగాలో ఒకాయనకు ఇచ్చేశాను. ఇప్పటికి తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. ఒకవేళ ఉన్నా, దానికి సామాను దొరకదు, దొరికినా నప్పదు. ఈ వయసులో అన్నయ్య మోకాళ్లు ఆ కిక్కు కొట్టగలవా?

పిల్లల మాటే నాకు నచ్చింది. టీవీ కొనండి. రంగులది. కూర్చుని చూస్తే నడుముకీ సుఖం, మనసుకీ సుఖం. మా ఊళ్లో నాకు తెలిసిన కొట్టుంది, కావాలంటే ధర తగ్గించమని చెప్తాను.

మీ మరిది,
హర్జో


క్లాటెన్,
4 ఆగస్టు 1991.

హర్జోకి,

మేకపిల్లలకు నా ముద్దులు. నీ జవాబు నాలుగుసార్లు చదివాను. మేకల గురించి, సరస్సు గురించి అంత వివరంగా రాసినవాడివి ఆ సలతిగా మనిషి పేరు రాయడం ఎలా మరిచిపోయావు?

ఇంకొక సంగతి. మా రెండోవాడు కాలేజీలో చేరినప్పుడు మోటారు సైకిలు కావాలని గొడవ చేశాడు. అప్పుడు మీ అన్నయ్య వాడిని కూర్చోబెట్టి చెప్పారు, నా దేకావేని కూడా చివరికి పాత ఇనుము కింద తూకానికి వేశారు, హర్జో దగ్గరుండి తూయించి ఏడ్చాడు, వాటి బతుకు అంతేరా అని. నేను వంటింట్లోంచి విన్నాను, నీ మీద జాలి కూడా పడ్డాను. తూకానికి వేసిన బండిని సలతిగాలో ఎవరు కొన్నారు? మీ ఇద్దరిలో ఎవరో ఒకరికి మతిమరుపు వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి వచ్చిందంటే నేను ఒప్పుకోను.

మా తమ్ముడి కూతురు సలతిగాలోనే చదువుతోంది. పేరూ వీధీ రాస్తే అదే వెళ్లి చూసి వస్తుంది. టీవీ మీద నీకున్న శ్రద్ధకు సంతోషం. కానీ నేను అడిగింది టీవీ గురించి కాదు.

సుమిరా వదిన


అంబరావా,
20 ఆగస్టు 1991.

సుమిరా వదినగారికి,

నమస్కారాలు. అమ్మాయిని శ్రమపెట్టొద్దు. ఆయన సలతిగా నుంచి ఎప్పుడో మారిపోయాడు. మీరు అడిగారు కదా అని నేనే పని మానుకుని వెతికి పట్టుకున్నాను. బండి ఉంది, మీరన్నట్టు తూకానికి పోలేదు. అన్నయ్య పిల్లాడిని భయపెట్టడానికి అలా చెప్పి ఉంటారు.

కానీ ఆయన ఇవ్వడు వదినగారూ. పెద్దింటావిడ ఒకరు మంచి ధర ఇస్తామంటున్నారని చెప్పి చూశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేను బతికుండగా ఇది ఇంకొకరి గేటు దాటదు, ఆవిడ మేడ రాసిచ్చినా సరే" అన్నాడు. అదీ ఆయన మొదటి బండేనట. దాన్ని తుడవందే అన్నం ముద్ద దిగదంటాడు. ఇంట్లో భార్యకు కూడా తెలియకుండా ఇన్నేళ్లు దాచుకున్న మనిషి, మనమడిగితే ఇస్తాడా చెప్పండి.

కాబట్టి ఆ ఆశ వదిలేయండి. అన్నయ్యకు ఈ సంగతులేవీ చెప్పకండి, ఉత్తినే మనసు కష్టపెట్టుకుంటారు.

హర్జో


క్లాటెన్,
16 సెప్టెంబరు 1991.

హర్జోగారికి,

నిన్న ఆదివారం మా ఆయన మళ్లీ మీ ఊరు వచ్చారు. రాత్రి అన్నం దగ్గర, ఈసారి సంత కిటకిటలాడిపోయిందని, కాలు పెట్టడానికి చోటు లేదని చెప్పారు. నేను అలాగా అన్నాను. వడ్డించాను. గిన్నెలు కడిగాను. ఆ తర్వాత పెరట్లో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. నిన్న పోన్ కాదండీ. నిన్న లెగి. పోన్ వచ్చే ఆదివారం. అంబరావాలో లెగి నాడు సంత ఎప్పటి నుంచి పెడుతున్నారు? జావాలో పుట్టిన పసిపిల్లలు కూడా చెయ్యని పొరపాటు అరవై దాటిన మనిషి ఎందుకు చేశారో మీకే తెలియాలి.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చూసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మనుషులు సంతకు వెళ్తే దుమ్ము కొట్టుకుని వస్తారు. ఈయన వెళ్లినప్పటికంటే శుభ్రంగా తిరిగొస్తారు. గోళ్లు బ్రష్షుతో తోమినట్టుంటాయి. ఒంటి నుంచి సబ్బు వాసన వస్తుంది, అది మా ఇంట్లో వాడే సబ్బు కాదు. రోజంతా పాత ఇనుము తడిమిన చేతులా అవి? నిన్న చొక్కా ఉతకబోతే మూడో గుండీ పచ్చదారంతో కుట్టి ఉంది. నా కుట్టుపెట్టెలో పచ్చదారం లేదు. కుట్టు మాత్రం ఆడమనిషి కుట్టే.

మీ చెల్లెలు లస్మి భర్త పోయి ఆరేళ్లయింది. నేనే వచ్చి దగ్గర కూర్చుని ఓదార్చాను. ఆవిడకు నా ఆశీస్సులని ఉత్తరాల్లో రాస్తూ వచ్చాను. నా అంత వెర్రిది ఇంకెవరైనా ఉంటారా?

భార్యకు తెలియకుండా ఇన్నేళ్లు దాచుకున్న మనిషి అని రాశారు చూడండి. దాచుకున్నది బండినేనా? ఆ ముక్క రాసేటప్పుడు మీకు సిగ్గనిపించలేదా?

పది రోజుల్లో నాకు నిజం తెలియాలి. లేకపోతే మా పెద్దవాడిని వెంటబెట్టుకుని వచ్చి మీ వాకిట్లో కూర్చుంటాను. ఊరంతా చూడనివ్వండి.

సుమిరా


అంబరావా,
22 సెప్టెంబరు 1991, పోన్ ఆదివారం.

సుమిరా వదినగారికి,

ఇది రాస్తుంటే అన్నయ్య మా పెరట్లోనే ఉన్నారు. ఇక్కడి నుంచి ఆయన వీపు కనిపిస్తోంది. మేకల కొట్టం వెనక గొంతుకు కూర్చుని మీ దేకావే చక్రం తుడుస్తున్నారు.

రాసేశాను. ఇక మిగతాది తేలిక. ప్రాణ స్నేహితుడికి ద్రోహం చెయ్యాలా, లేక ఏ పాపమూ ఎరగని చెల్లెలి మీద నింద పడుతుంటే నోరు మూసుకోవాలా అని మూడు రోజులు గింజుకున్నాను. లస్మి చెవిన ఈ మాట పడితే మా బావిలో దూకుతుంది వదినగారూ. పోయిన ఆదివారం అన్నయ్య చొక్కా కిక్కు కడ్డీకి చిక్కుకుని గుండీ తెగింది. లస్మి చేతికందిన దారంతో కుట్టి ఇచ్చింది, అంతే. సబ్బు మా ఇంటిదే. గ్రీజు మరకలతో ఇంటికి వస్తే మీరు పసిగడతారని గంటసేపు తోముకుని బయల్దేరుతారు. అంత శుభ్రమే కొంప ముంచుతుందని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ రసీదు మీద సంతకం నాదే. డబ్బు మాత్రం చేతులు మారలేదు. బండి ఏ రోజూ నాది కాదు. "ఆర్నెల్లు దాచు హర్జో, పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకుంటా" అన్నారు. ఆర్నెల్లు ఏడాదయింది, పెద్దబ్బాయి పుట్టాడు, ఆ తర్వాత చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు, నాకూ చెల్లలేదు. పోన్ సంత మా ఊళ్లో ఉండటం మాకు కలిసొచ్చింది. వచ్చిన రోజు నా పాత సరోంగ్ కట్టుకుని పొద్దున్నంతా విప్పుతారు, బిగిస్తారు. మధ్యాహ్నం సరస్సు గట్టు దాకా ఒక్కసారి నడుపుకుని వస్తారు. ఎంత నెమ్మదిగా పోతారంటే గుర్రబ్బండ్లు దాటిపోతాయి. మీరు కట్టిచ్చిన అన్నం నలుగురం పంచుకు తింటాం. సాయంత్రం బస్సెక్కుతారు.

పోయిన నెల గేరు చక్రం ఒకటి అరిగిపోతే లేతు పనివాడికి ఇచ్చాం. అది తయారైందని కబురు పంపాను. పోన్ దాకా ఆగండి అని కూడా చెప్పి పంపాను. మనిషి ఆగలేకపోయారు. లెగి నాడు బస్సెక్కేశారు, ఇంటికొచ్చి అలవాటైన అబద్ధం అలవాటుగా చెప్పేశారు.

మీకు బండి అమ్మనన్నది ఆయనే. పెద్దింటావిడ మీరని ఆయనకు తెలియదు. ఇప్పటికీ చెప్పలేదు. నన్ను ఏమన్నా అనండి, పడతాను. లస్మిని మాత్రం అనకండి.

హర్జో


క్లాటెన్,
6 అక్టోబరు 1991.

హర్జో,

లస్మి విషయంలో నేను తప్పు చేశాను. ఆవిడకు తెలియకుండానే ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. నీకు మాత్రం చెప్పను.

ఆడమనిషి కాదని తెలిసి ఒక పూట ఊపిరి పీల్చుకున్నాను. మర్నాటికి అది పోయింది. ఆడమనిషైతే ఆరేళ్ల సంగతి. ఇది పెళ్లినాటి సంగతి. నేను ఆ ఒక్క మాట మీద ఆ ఇంట అడుగుపెట్టాను, ఆ మాటే బోలు. మూడున్నర వందల పోన్ ఆదివారాలు నేను నాలుగింటికే లేచి కొబ్బరి తురిమి అన్నం కట్టాను. నన్ను వెర్రిదాన్ని చెయ్యడానికి వెళ్లే మనిషికి నేనే బత్తెం కట్టి పంపాను. మీరు నలుగురూ కూర్చుని పంచుకు తిన్నారు. గియెం కూడా తింది, నా కళ్లలోకి చూసి నవ్వేది కూడా.

అరవై ఎనిమిదిలో సంతలో గేదె తన్నిందని కుంటుకుంటూ వచ్చారు. పదిహేను రోజులు పసుపు కాచి ఆ మోకాలికి పట్టు వేశాను. గేదెనూ దాని యజమానినీ తిట్టాను కూడా. ఇప్పుడు అడుగుతున్నాను, గేదె ఉందా అసలు? వద్దులే, చెప్పకు. ఇప్పుడు నాకు ప్రతిదీ అనుమానమే. ఆయన మసీదుకని వెళ్తే చెప్పులు ఏ వైపు తిరిగి ఉన్నాయో చూస్తున్నాను. తల నొప్పిగా ఉందంటే నుదురు ముట్టుకుని చూస్తున్నాను. నాకే నా మీద అసహ్యం వేస్తోంది.

నేను ఆయన్ని అడగలేదు. అడిగితే కాళ్లమీద పడతారు, ఏడుస్తారు, బండి అమ్మేస్తానంటారు. పట్టుబడ్డాక అమ్మేదాన్ని నేనేం చేసుకోను? అందుకని ఒక పని చెయ్యి. ఇరవై ఏడున పోన్ ఆదివారం. ఆ పెద్దింటావిడ మళ్లీ కబురు పంపిందని చెప్పు. తన భర్త తుంబుక్‌కు ఇవ్వడానికి కొంటోందని చెప్పు. ఇదే చివరిసారి అడగడం అని చెప్పు. అంతకు మించి ఒక్క మాట వద్దు. నువ్వు కన్ను గీటినా, దగ్గినా, మీ గోడ మీద బల్లిని చూసి నవ్వినా, నాకు తెలియకుండా పోదు.

ఎవరూ బలవంతం చెయ్యకుండా, నాకు తెలుసని తెలియకుండా, ఆయన తనంతట తాను అమ్మితే, ఆలస్యంగానైనా నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నారనుకుంటాను. అమ్మకపోతే తుంబుక్ పిల్లలు చేసుకుంటారు. నేను సోలోలో మా తమ్ముడింటికి వెళ్లిపోతాను. ఈ వయసులో ఎక్కడికి పోతుందిలే అనుకోవద్దు. ఇరవై ఒక్కేళ్లప్పుడే వెనక్కి తగ్గలేదు నేను.

సుమిరా


అంబరావా,
28 అక్టోబరు 1991.

సుమిరా వదినగారికి,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఒక్క అక్షరం కలిపితే నా కళ్లు పోతాయి.

అన్నయ్య వచ్చీ రాగానే పోయిన నెల సరిపోలేదని లేతు పనివాడు మళ్లీ చెక్కి ఇచ్చిన గేరు చక్రం వేసి చూశారు. అతికినట్టు సరిపోయింది. చాలా సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం మీద చెప్పడం నాకు కసాయి పనిలా అనిపించింది, అయినా మీరు చెప్పమన్నట్టే చెప్పాను. ముందు వినిపించుకోలేదు. "మళ్లీ ఆవిడేనా? కుదరదని చెప్పావు కదా" అని స్పానరు తుడుచుకుంటున్నారు. భర్త తుంబుక్‌కు అన్నాక చెయ్యి ఆగింది.

"ఏ వయసు ఆయనకి?" అని అడిగారు. మీ వయసే ఉంటుందిలే అన్నాను. ఇది మాత్రం మీరు చెప్పమనలేదు, ఆయన అడిగితే జవాబు చెప్పాను, అంతే.

స్పానరు కింద పెట్టారు. తర్వాత నవ్వారు. "మొగుడి కోసం పాత బండి వెతికి కొనిపెట్టే ఇల్లాలు. పెట్టి పుట్టాడు హర్జో వాడు. మేకల పక్కన దాక్కుని తుడుచుకోవక్కర్లేదు వాడికి. వాకిట్లో పెట్టుకుంటాడు." నేను తల దించుకుని కూర్చున్నాను. నా మొహం చూస్తే అంతా బయటపడిపోయేది.

ఆ తర్వాత లేచి సరస్సు దాకా వెళ్లొచ్చారు. రాగానే నాతో అన్న మాట ఇది: "ఇచ్చెయ్. అమ్మేశానని మిరాకి చెప్పి ముప్పై నాలుగేళ్లయింది. చచ్చేలోగా ఒక్కసారైనా అది నిజం కానీ."

కొత్త రసీదు ఆయనే తన చేత్తో రాశారు, కొనేవారి పేరు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టారు. బండి రిజిస్ట్రేషన్ పుస్తకం ఇచ్చేశారు. కొనుక్కునే ఆయనకు చెప్పమని నాతో పదిసార్లు చెప్పారు, పెట్రోలులో నూనె ఎంత కలపాలో, చలిలో మొదటి కిక్కుకు అంటుకోకపోతే తిట్టొద్దని. అన్నం పొట్లం విప్పలేదు. రెండు గంటల బస్సుకే వెళ్లిపోయారు. కిటికీలోంచి నాకు చెయ్యి కూడా ఊపలేదు.

పుస్తకం, రసీదు నా దగ్గర ఉన్నాయి. ఇంటికి ఎలా వచ్చారో, ఏం చెప్పారో మీరే చూసి ఉంటారు. నేను మాత్రం నిన్నటి నుంచి మనిషిని కాను.

హర్జో


క్లాటెన్,
9 ఫిబ్రవరి 1992, పోన్ ఆదివారం.

మరిదికి,

రెండు నెలలు ఉత్తరం రాయలేదని గియెం చేత అడిగించావట. కోపం తగ్గడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఇంకా పూర్తిగా తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

ఆ అక్టోబరు ఆదివారం ఆయన సంతలో ఏమీ లేదన్నారు. ఇక సంతకు వెళ్లబుద్ధి కావడం లేదన్నారు. అన్నంలో వేళ్లు పెట్టి కూర్చున్నారు. నాకు నాలుక చివరి దాకా వచ్చింది, ఆపుకున్నాను. రసీదులో ఖాళీ చోట నా పేరు రాసుకుని, పుస్తకం కూడా నా పేరుకు మార్పించి, తుంబుక్ దాకా ఆగాను.

ఆ రోజు నువ్వు బండి వాకిట్లోకి తెచ్చినప్పుడు నువ్వూ చూశావు. ఆయన తల మీద తుంబుక్ స్నానం పూల నీళ్లు ఇంకా కారుతున్నాయి. బండిని చూశారు, నిన్ను చూశారు, తర్వాత నన్ను. నేను పుస్తకం తెరిచి నా పేరున్న పేజీ చూపించాను. చుట్టాలంతా చప్పట్లు కొట్టారు, అది బహుమతి అనుకుని. ఆయన మొహంలో రక్తం లేదు.

మీరంతా వెళ్లాక జరిగింది నీకు తెలియదు. వంటింట్లో పీట మీద కూర్చుని అంతా చెప్పారు, నీ మేకల కొట్టంతో సహా. నేను అడ్డు రాలేదు. అయ్యాక, "ఇంకేమైనా ఉందా?" అని అడిగాను. బాగా ఆలోచించి, "అరవై ఎనిమిదిలో తన్నింది గేదె కాదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని నీళ్ల నెపం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాను. పెరట్లో ఏడుపొచ్చింది.

నాకు తెలుసని తెలియకే అమ్మారని నమ్ముతున్నాను. నువ్వు ఆ రోజు కన్ను గీటావో లేదో ఆ దేవుడికే తెలియాలి. "మీ వయసే ఉంటుంది" అన్న మాట నువ్వు అనకుండా ఉండాల్సింది. రాత్రుళ్లు అప్పుడప్పుడూ ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఆయన్ని అడిగాను. "తెలిసి ఉంటే అమ్మేవాడినా మిరా, పారిపోయేవాడిని" అన్నారు. సగం నమ్మాను. మిగతా సగానికి సమయం పడుతుందని చెప్పేశాను.

ఇప్పుడు బండి నాది. తాళంచెవి నా నడుముకు ఉంటుంది. కావాలంటే అడగాలి. పోయిన నెల పోన్ ఆదివారం తెల్లారే లేచి, స్నానం చేసి, వెళ్లడానికి చోటు లేక అరుగు మీద కూర్చున్నారు. చూడలేకపోయాను. బేరం పెట్టాను. చప్పుడు నా చెవికి వినపడినంత దూరం వెళ్లొచ్చు, అంతకు మించి వీల్లేదు. ఆయన తాళంచెవి తీసుకున్నారు. ఎందుకు అలా అన్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. వార్ది అన్నయ్య వెళ్లిన పొద్దున నేను వాకిలి ఊడుస్తున్నాను. బండి చప్పుడు దూరమైపోవడం విన్నాను. తిరిగి రావడం వినలేదు. మీ అన్నయ్య విషయంలో మీరిద్దరూ కలిసి నాకు ఆ భయం కూడా దక్కకుండా చేశారు. నేను భయపడాల్సిన మూడున్నర వందల రోజులు నిశ్చింతగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకున్నాను. పోయిన నెలలో మొదటిసారి ఆయన వీధి చివర మలుపు తిరిగినప్పుడు నా కాళ్లు వణికాయి. ఆ వణుకు మీద నాకు హక్కుంది మరిదీ, దాన్ని మీరు దాచకూడదు.

ఈ రోజు పొద్దున్నే తాళంచెవి అడిగారు. ఇచ్చాను. నేను అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాకటి దాకా మసీదు దగ్గర తిరిగి వచ్చేస్తున్నారు, ఒకసారి, రెండుసార్లు. ప్రతిసారీ అరుగు వైపు చూసి తల ఊపుతున్నారు. ఈసారి తల ఊపలేదు. చప్పుడు రైలు గేటు వైపు పోయింది. పోయి, సన్నగిల్లి, ఆగిపోయింది.

కలం కింద పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. యాభై దాకా కోపంగా లెక్కపెట్టాను. వంద దగ్గర లేచి నిలబడ్డాను. నూట నలభై దగ్గర, వస్తే చాలు, ఇంకేమీ అననని మొక్కుకున్నాను. రైలు వెళ్లింది. పెట్టెలన్నీ వెళ్లాయి. నూట ఎనభై ఆరు.

చప్పుడు వస్తోంది. ఉంటాను మరిదీ, వెళ్లి గేటు తియ్యాలి.

సుమిరా వదిన